గడియ దాటిన కాన్పు

తొంభైల్లో నేను ప్రభుత్వాసుపత్రి పురుళ్ల వార్డులో నర్సుని. మామూలు కాన్పులన్నీ మావే. కష్టమైతేనే డాక్టరుని పిలిచేవాళ్లం. ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు ఓపిక పట్టాలో మాకే వదిలేసేవారు. రెండు వేల సంవత్సరం దాటాక వన్ టౌన్‌లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి మారాను. నా అనుభవం చూసే తీసుకున్నారు. తీసుకున్నాక దాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచి రమ్మన్నారు. అక్కడ కాన్పు డాక్టరమ్మది, సామాన్లు సర్దడం నాది.

ఒకరోజు పొద్దున్నే ఒక పిల్ల నొప్పులతో వచ్చింది. తొలి కాన్పు. వెనకాలే ఆమె మామగారు, పంతులుగారు పెట్టిన ముహూర్తంతో వచ్చాడు. పదకొండు లోపల పుడితే జాతకానికి తిరుగుండదట. ఆ లోపల కోసి తీయమని డాక్టరమ్మతో ముందే మాట్లాడుకున్నారు. నేను చూస్తే బిడ్డ తల చక్కగా దిగుతోంది. భోజనాల వేళకి దానంతటదే పుట్టేసేలా ఉంది.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. “నానే కంటానక్కా. కొయ్యొద్దని నువ్వు సెప్పు. ఓపాలి కోత్తే మళ్లీ పురిటికీ కోతేనంట గదా.”

చెప్పాను. “తనే కంటుంది మేడమ్, నేను చూసుకుంటాను” అన్నాను. డాక్టరమ్మ నవ్వి, “థియేటర్ రెడీ చెయ్యి సిస్టర్” అంది. కోప్పడినా బాగుండేది. నా మాటని మాటగా ఎంచినట్టుండేది.

తీరా చూస్తే మత్తు డాక్టరు రాలేదు. రైలు గేటు దగ్గర పోర్టుకు పోయే గూడ్సు బండి అడ్డంగా ఆగిపోయిందని ఫోన్ చేశాడు. మామగారు వరండాలో వాచీ చూసుకుంటూ తిరుగుతుంటే నాకు లోపల్లోపల సంతోషం. ఆ బండికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. పదకొండు దాటింది. “మన సేతిలో ఏటుందమ్మా. ఇంక మీ ఇట్టం” అంటూ ఆయన బెంచీ మీద కూలబడ్డాడు.

అప్పుడొచ్చాడు మత్తు డాక్టరు, చెమటలు కక్కుకుంటూ. నేను మళ్లీ అడిగాను. “ముహూర్తం ఎలాగూ పోయింది కదా మేడమ్. ఇంకాసేపు నాకు వదిలెయ్యండి.”

“అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఊరికే పంపించేస్తామా?” అంది డాక్టరమ్మ, చేతులు కడుక్కుంటూ.

నడుముకి సూది వెయ్యడానికి ఆ పిల్లని వంచి పట్టుకున్నది నేనే. కాళ్లు మొద్దుబారేదాకా నన్నే చూస్తూ ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. అయినా డాక్టరమ్మ అడిగిన కత్తెర అడిగినట్టు అందించాను. ఆడపిల్ల పుట్టింది. గట్టిగానే ఏడ్చింది.

మూడోనాడు కుట్ల మీద కట్టు మారుస్తుంటే తల్లి నెమ్మదిగా అడిగింది. “మావయ్య సెప్పిన గడియ దాటిపోయిందంట గదక్కా. మరి నన్నేటికి కోసేరు?”

నేను ప్లాస్టరు అంటించి, దుప్పటి కప్పి, పక్క మంచం దగ్గరికి వెళ్లాను.