అవ్వను అడగని మాట

తడిబట్టతో ఇల్లు తుడిచినప్పుడు నేలకు పరిచిన బేతంచెర్ల బండల మీంచి లేచే సున్నపు వాసన ఇప్పటికీ నాకు మా అవ్వను గుర్తుచేస్తుంది. ఎనిమిదో తరగతిలో అట్లాంటి బండల మీదే కూర్చుని, చదువు రాని మా అవ్వకు రోజూ సాయంత్రం బైబిల్ చదివి వినిపించేదాన్ని.

ఒకరోజు తెలుగు టీచరు పిలిచి, "నీకు తెలుగు శానా బాగొస్తాది. మామూలు తెలుగు వద్దు, సంస్కృతం కలిసిన కాంపోజిట్‌లో చేరు. సోమారం చెప్పు," అన్నారు.

సంస్కృతమంటే గుళ్లో పూజారి చదివే మంత్రాలనే అనుకున్నాను. అది నేర్చుకుంటే చర్చిలో పేరు కొట్టేస్తారేమో, ఇక బైబిల్ ముట్టుకోవద్దని అవ్వ అంటుందేమో! ఆదివారం ప్రార్థన అయ్యేంతవరకూ పాస్టరుగారి కంట పడకుండా అవ్వ వెనకే నక్కి కూర్చున్నాను. సోమవారం ఎవరినీ అడక్కుండానే మామూలు తెలుగుకు పేరిచ్చేశాను.

నెల తర్వాత ఏదో మాటల్లో ఆ సంగతి అవ్వతో అనేశాను. ఆమె బైబిల్ అట్టను నిమురుతూ, "నన్నొక మాట అడగకపోతివే," అంది. "కృప, నిత్యజీవం, పరిశుద్ధాత్మ... అన్నీ సంస్కృతం మాటలేనంట, పాస్టరయ్యనే చెప్పినాడు. ఇన్నేండ్లుగా వింటాండా, సగం అర్థం కావు. నువ్వు నేర్చుకొనింటే నాకు చెప్పేదానివి గదమ్మా."

ఆ సాయంత్రం మొదటిసారి, చదువుతూ చదువుతూ, అర్థమవుతోందో లేదోనని తలెత్తి అవ్వ ముఖం చూశాను.