ఎండలొస్తేనే ఖాజాబీ

జమ్మలమడుగులో ఖాజాబీ పేరు ఎండాకాలంలోనే వినిపించేది. చిన్నప్పుడు మశూచి వచ్చి బతికింది గానీ ముఖమంతా గుంటలు పడ్డాయి, ఒక కన్ను పోయింది. ఆమె నిఖా మాట ఎవరూ ఎత్తలేదు. ఒకసారి వచ్చినవాళ్లకు ఆ రోగం మళ్లీ సోకదని మాత్రం ఊరందరికీ తెలుసు.

శివరాత్రి దాటి, పెన్న ఇసుక మీదుగా పొడిగాలి మొదలైతే మశూచి ఇంటింటికీ పాకేది. కన్నతల్లులే దగ్గరికి పోవడానికి జంకేవాళ్లు. "అక్కా, నువ్వే దిక్కు" అని ఖాజాబీని పిలిచేవాళ్లు. ఆమె వేపమండలతో విసిరి, గంజి తాగించి, చీము తుడిచేది. వానలు పడి గాలి చెమ్మగిల్లితే రోగం తగ్గేది, ఆమెకు కూడూ తగ్గేది. దారిలో ఎదురైతే ఆడవాళ్లు పిల్లల ముఖాలకు కొంగు అడ్డం పెట్టేవాళ్లు.

రెడ్ల ఇంటి సుబ్బరత్నమ్మ కొడుకును అట్లా బతికించింది ఖాజాబీయే. మచ్చలు మిగిలినా మగవాడు గనుక పెండ్లి కుదిరింది. శ్రావణంలో ఆ పెండ్లికి ఖాజాబీ ఉతికిన చీర కట్టుకుని పోతే, సుబ్బరత్నమ్మ వాకిట్లోనే ఆపింది.

"శుభమా అని పెండ్లి జరుగుతాంటే నీ మొగమేందే ఈడ? దొడ్లోకి పో, కూడు పెట్టిస్తా."

ఖాజాబీ బర్రెల పక్కన కూర్చుని తిన్నది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు టీకాలవాళ్లు వీధివీధికీ వచ్చారు. టీకా పడిన ఇళ్లలో ఎవరూ మంచం పట్టలేదు. ఆ వేసవంతా ఖాజాబీని ఎవరూ పిలవలేదు. చింతాకు ఉడకబెట్టుకుని తిన్నది.

మరుసటి మాఘంలో సుబ్బరత్నమ్మే అడిగింది. "పోయినేడు మనవరాలికి టీకా పడలే. ఈ తూరి ఏపిద్దామా? నీకు తెలిసినంత యవరికి తెలుసు?"

ఖాజాబీ తల దించుకునే చెప్పింది. "వద్దు రెడ్డెమ్మా. సెయ్యి గీరితే అమ్మవారికి కోపమొస్తాది."

చైత్రంలో ఎండ నిప్పులు చెరిగింది. పాపకు ఒళ్లంతా పొక్కింది. ఖాజాబీకి కబురొచ్చింది. ఆ ఇంట్లో ఆమెకు కడుపునిండా అన్నం పెట్టారు. పాపకు గొంతులో కూడా పొక్కులే, గంజినీళ్లు దిగలేదు. "అవ్వా, మంట" అంటూ ఆమె ఒళ్లోనే పోయింది.

పాప తల్లి, సుబ్బరత్నమ్మ కోడలు యశోదమ్మ ఏడ్చి ఏడ్చి తలెత్తింది. "టీకా వద్దని నువ్వే గదా సెప్పింది? ఎందుకే?"

"కడుపు కాలుతాండె తల్లీ. మళ్లీ పిలుస్తారనుకుంటి" అంది ఖాజాబీ.

పాప తండ్రి ఆమెను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చాడు. ఆ ఊళ్లో ఆమెకు ఇక మంచినీళ్లు పోసినవాళ్లు లేరు. తొలకరికి ముందే పులివెందుల దారి పట్టి, అక్కడ శనక్కాయలు ఒలిచి చాలా ఏళ్లు బతికింది. ఏ బిడ్డనూ దగ్గరికి రానిచ్చేది కాదు.