గేటు బయట వదిలేసిన చదువు

మా స్టేషన్‌కు కొత్తగా వచ్చే ప్రతి కానిస్టేబుల్‌కీ ఎస్సైగా నేను చెప్పే మొదటి మాట ఒకటుంది. “ట్రైనింగ్‌లో నేర్పిందంతా గేటు బయటే వదిలేసి రా. అసలు ఉద్యోగం నేను నేర్పుతా.” నేను చేరినప్పుడు నా పై అధికారీ ఇదే అన్నాడు. మాలో ఇదొక ఆశీర్వచనం.

మొన్న గవర్నర్‌పేటలో ఒక హాలు తీసుకుని, ఆడవాళ్ల ఫిర్యాదులు ఎలా వినాలో మాకు తరగతులు పెట్టారు. నాతోపాటు మా స్టేషన్‌లో కానిస్టేబుల్‌గా చేరిన అమ్మాయి కూడా వచ్చింది. ఇంత సర్వీసు చేశాక నాకు పాఠాలేమిటని వెనక వరసలో రుసరుసలాడుతూ కూర్చున్నాను. పాఠం చెప్పే మేడమ్, మొగుడి చేతిలో దెబ్బలు తిని వచ్చిన మనిషిగా తాను నటిస్తానన్నారు. ఫిర్యాదు తీసుకోవడానికి మా స్టేషన్ అమ్మాయి చటుక్కున లేచింది. మా పరువు నిలబెడుతుందిలే అనుకున్నాను.

ఆ అమ్మాయి ముందుకెళ్లి కుర్చీలో వెనక్కి వాలి, తలెత్తకుండా పెన్నుతో బల్ల మీద టకటకా కొట్టింది.

“ఊరికే ఎందుకు కొడతాడమ్మా? నువ్వేమన్నావ్?”

మేడమ్ నిలబడే ఉన్నారు.

“కేసు పెడితే రేపు ఇల్లెట్టా గడుస్తది? పొద్దున మీ ఆయన్ని తీసుకురా, గట్టిగా చెప్పి పంపిద్దాం. సర్దుకుపోవాలి తల్లీ.”

హాలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వాలడం నాది, ఆ పెన్ను చప్పుడు నాది, చివర్లో ఆ ‘తల్లీ’ కూడా నాదే. ఆ మాట విని ఎంతమంది ఆడవాళ్లు తిరిగి ఆ ఇంటికే వెళ్లారో! వెళ్లాక ఏమయ్యారో నేనెప్పుడూ కనుక్కోలేదు.

“ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?” అని మేడమ్ అడిగారు.

“మా సార్ దగ్గరేనండీ,” అంటూ నన్ను చూపించింది. ఆ గొంతులో గర్వమే తప్ప వెక్కిరింపు లేదు. వెక్కిరించి ఉంటే కోప్పడి బతికిపోయేవాణ్ణి.

“సరే, ఇప్పుడు ట్రైనింగ్‌లో నేర్పినట్టు చెయ్యండి,” అన్నారు మేడమ్.

అమ్మాయి లేచి కుర్చీ జరిపింది. “కూర్చోండమ్మా,” అంది. అక్కడితో ఆగిపోయింది. గుర్తు చేసుకోవాలని చూసింది గానీ, ట్రైనింగ్ పాఠమేదీ తట్టలేదు. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి దిక్కుతోచక నా వైపు తిరిగింది.

“తర్వాత ఏమడగాలి సార్?”

అందరూ నన్నే చూస్తున్నారు. నాకూ తెలియలేదు.