సోమ్లా బుగ్గ మీద నేను చెరిపిన మచ్చ

ఒక మెమరీ కార్డు దానంతటదే పాడైపోయిందని నేను ఒక ఇంటివాళ్లకు చెప్పాను. అది అబద్ధం. ఆ అబద్ధం వల్ల నా కళ్లముందే ఒక చిన్నపిల్ల దెబ్బలు తిన్నది. ఆ క్షణంలో నోరు విప్పితే తేలిపోయే సంగతే. నేను విప్పలేదు. స్టూడియో పని గురించి రాయమన్నప్పుడు మొదట పెళ్లి వీడియోల ముచ్చట్లు రాద్దామని కూర్చున్నాను. అవి రాస్తుంటే చెయ్యి సాగలేదు. రాయవలసింది ఇదేనని నాకు ముందే తెలుసు.

కరోనా వచ్చిపోయిన మరుసటి ఏడు. బాన్సువాడలో బస్టాండుకు కాస్త అవతల నా స్టూడియో. ముందుగదిలో కంప్యూటర్, ప్రింటర్, గోడ నిండా ఖాళీ ఫ్రేములు. వెనుక నీలం తెర కట్టిన చిన్న గది. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు, పుట్టినరోజు ఫ్లెక్సులు చేసుకునేవాణ్ణి. వాటితోపాటు చనిపోయినవాళ్ల ఫోటోలు ఎప్పుడూ ఉండేవి. ఆ ఏడు మాత్రం అవే ఎక్కువ. ముందుగదిలో ఆరబెట్టిన ఫ్రేముల్లోంచి అందరూ నావైపే చూస్తూ ఉండేవారు. కొన్నాళ్లకు నేను వాళ్లవైపు చూడటం మానేశాను.

చూడకుండా పని చేయడం అలవాటైతే ఏమవుతుందో చెప్పాలంటే మా పని గురించి కొంచెం చెప్పాలి. రీటచింగ్ అంటే ముఖాన్ని దిద్దడం. మొటిమలు, మచ్చలు, ముడతలు తీసేసి రంగు తేలుస్తాం. బాడీ చేంజ్ అని ఇంకొకటి ఉంది. ముఖం మాత్రం కత్తిరించి, కోటు తొడుక్కున్న ఇంకెవరి మొండానికో అతికిస్తాం. మగవాళ్లకు కోటు, ఆడవాళ్లకు పట్టుచీర. కావాలా అని మేము అడగం. వద్దని ఎవరూ అనరు. బతికినన్నాళ్లూ వరి నాట్లలో వంగిన మనిషి గోడమీద మాత్రం పెద్ద ఆఫీసరులా కూర్చుంటాడు. ఇంటివాళ్లు చూసి, “మంచిగ కనవడ్తుండు” అని కళ్లు తుడుచుకుని తీసుకుపోతారు.

కమ్లి బాయి ఆ రోజుల్లోనే ఒక పొద్దున వచ్చింది. నస్రుల్లాబాద్ అవతల తండా ఆమెది. వయసు యాభై దాటి ఉంటుంది. వెంట మనవరాలు పూజ, నాలుగో ఐదో చదివే పిల్ల. కమ్లి బాయి కొంగు ముడి విప్పి, కాగితంలో మడిచిన మెమరీ కార్డు నా బల్లమీద పెట్టింది.

“మా ఆయన పోయిండు తమ్మీ. రేపు దినాలు. పెద్ద ఫోటో కావాలె.”

“ఆధార్ కార్డు తెచ్చినవా అక్కా? దాంట్లకెల్లి తీస్త.”

“ఆధార్ కార్డుల ఎవలైనా ఒక్క తీరే ఉంటరు. దొంగలెక్క. నాకది వద్దు. ఇందుల ఉన్నది తియ్యి.”

కార్డు రీడరులో పెట్టి చూపించాను. పాటలు, పిల్లల ఫోటోలు, మేకల ఫోటోలు. వాటి మధ్య ఆమె భర్త సోమ్లాది ఒకే ఒక్క మంచి ఫోటో. మంచంమీద కూర్చుని పక్కకు తిరిగి నవ్వుతున్న మనిషి. అంగీ గుండీలు రెండు ఊడి ఉన్నాయి. చెవి కింద మొదలై బుగ్గ, దవడ మీదుగా మెడ దాకా పాత కాలిన మచ్చ. చర్మం అక్కడ ముడుచుకుని మెరుస్తోంది.

“నేనే తీసిన” అంది పూజ. “తాత ఫోటో అంటే మొకం తిప్పుకునేటోడు. మేకపిల్ల తాత చెప్పు ఎత్తుకపోయింది. దాన్ని చూసి నవ్విండు. అప్పుడు తీసిన.”

ఆ మచ్చ ఎలా వచ్చిందో కమ్లి బాయి చెప్పడం మొదలుపెట్టింది. నేను ఊఁ కొడుతూనే ఇంకొకరి పెళ్లి పత్రిక డిజైను చూసుకుంటున్నాను. సాయంత్రం రమ్మని పంపేశాను.

తర్వాత జరిగిందంతా అలవాటు ప్రకారం జరిగింది. ఫోటోను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోకుండా కార్డులోంచే నేరుగా తెరిచాను. తొందర. మచ్చ తీశాను. బుగ్గమీద నునుపైన చర్మం వచ్చింది. రంగు తేల్చాను. కోటు తొడిగాను. సేవ్ నొక్కాను. మా పనిలో సేవ్ వేరు, సేవ్ యాజ్ వేరు. సేవ్ యాజ్ నొక్కితే పాత ఫోటో పాతచోటే ఉంటుంది, దిద్దినది పక్కన ఇంకో పేరుతో చేరుతుంది. సేవ్ నొక్కితే పాతదాని మీదే కొత్తది కూర్చుంటుంది. నేర్చుకునే రోజుల్లో మొదటివారమే చెప్పే పాఠం అది. ఫైలు మూసేసి, ఫ్లెక్సు, ఫ్రేము ప్రింటుకు పంపి, టీ తాగడానికి పోయాను.

సాయంత్రం కమ్లి బాయి ఫ్రేమును చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“ఈయన ఎవలు తమ్మీ?”

“మీ ఆయనే అక్కా.”

“గీ తెల్లటాయనను నేను లగ్గం చేసుకోలే.” నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు. “కోటేసినవ్. అంగీ గుండీలు సక్కగ పెట్టుకోనోనికి కోటేసినవ్. సరే, అది పోనియ్యి. బుగ్గ మీద కాలింది ఏది?”

“మచ్చ తీసేసిన. అందరికీ గట్లనే చేస్తం. మంచిగుంటది.”

“మంచిగ చెయ్యమని ఎవలడిగిన్రు? పొద్దున నీకు చెప్పిన గద. బెల్లం పొయ్యికాడ పెద్ద కడాయిల పాకం మసులుతుంటె, కూలికొచ్చినోళ్ల పిల్ల అనిత దాంట్లకు వంగింది. మా ఆయన ఉరికి పట్టుకున్నడు. పాకం ఆయన మీద పడ్డది. చర్మం ఊడుతున్నా పిల్లను ఇడువలే, దూరం తీస్కపోయి దించిండు. ఆ పిల్ల రేపు వస్తది. వచ్చి ఈన్ని చూసి ఎవలనుకుంటది?”

పొద్దున చెప్పింది నిజమే. నేను వినలేదు.

“ఆగక్కా, పాతది మళ్ల తీస్త” అని కార్డు తెరిచాను. అప్పుడు చూశాను. పాతది లేదు. అదే పేరుతో కోటు వేసుకున్న తెల్లటాయన ఉన్నాడు.

కంప్యూటరు తెర నావైపు ఉంది. ఆమెకు కనబడదు. తప్పు చేశానని చెప్పొచ్చు. కానీ దుకాణంలో ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. చచ్చినోళ్ల ఫోటో చెరిపేసిన స్టూడియో అని బస్టాండు దాకా పాకుతుందన్న భయం వేసింది. ఆ భయంలో ఇంకా నీచమైన పని చేశాను. కార్డును ఫార్మాట్ కొట్టాను. అంటే అందులో ఉన్నదంతా తుడిచేశాను. పాటలు, పిల్లలు, మేకలు అన్నీ పోయాయి. తర్వాత ఖాళీ తెరను ఆమెవైపు తిప్పి చూపించాను.

“కార్డు కరాబైందక్కా. చూడు, ఏం లేదు. ఒక్కోసారి తడి తగిల్తె గిట్లయితది.”

తడి అనే మాట ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. నోటికి వచ్చింది, అనేశాను. కమ్లి బాయి మెల్లగా పూజవైపు తిరిగింది. వాళ్ల ఇంటి భాషలో ఏదో అడిగింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. మళ్లీ అడిగింది. తర్వాత వీపుమీద కొట్టింది. ఒక దెబ్బ కాదు.

“బోళ్లు కడిగిన చేతులతోని పట్టుకున్నది తమ్మీ. వద్దన్నా ఇనది. తాత మొకం లేకుంట చేసింది.”

పూజ ఏడుస్తూ నావైపు చూసింది. నేను ఫ్రేముకు కాగితం చుడుతున్నాను.

మర్నాడు వీడియో తీయడానికి తండాకు వెళ్లాను. ముందే ఒప్పుకున్న పని, తప్పించుకోలేకపోయాను. ఫ్లెక్సు ఇంటిముందు కట్టారు. పిట్లం నుంచి అనిత వచ్చింది. చంకలో బిడ్డ. ఫ్లెక్సు ముందు నిలబడి కిందికీ మీదికీ చూసింది. “మామ ఫోటో ఇంక పెట్టలేదా?” అని ఎవరినో అడిగింది. నేను కెమెరాను వేరే వైపు తిప్పాను.

లోపల ఫ్రేము దగ్గర దీపం పెట్టారు. దండ సర్దుతుంటే చూశాను. గాజుమీద, చెవి కింద నుంచి మెడ దాకా, నల్లటి గీత. కాటుక. ఒక వేలితో పూసినట్టు ఉంది, అంచులు వంకర. దండ తగిలి కాస్త చెదిరింది. పూజ వచ్చి, ఎవరూ చూడటంలేదనుకుని, కాటుక డబ్బీలో వేలు ముంచి మళ్లీ దిద్దింది. తాతను మచ్చతో మళ్లీ నిలబెట్టడానికి ఆ పిల్లకు దొరికిన దారి అది. చేయని తప్పుకు చేతనైన దిద్దుబాటు. అనిత లోపలికి వచ్చి, ఆ కాటుక చూసి, అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చింది. అప్పటికి గుర్తుపట్టింది.

నేను డబ్బులు తీసుకోకుండా వచ్చేశాను. మంచితనం అనుకున్నారు. పోయిన ఫోటోలను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. కార్డు బాగుచేయిస్తానని అడిగి తెచ్చుకుని తెలిసినవన్నీ వాడి చూశాను. మేకపిల్ల ఫోటో ఒకటి సగం వచ్చింది. సోమ్లా రాలేదు.

ఆ తర్వాత నా పని మారింది. చనిపోయినవాళ్ల ఫోటో ఎవరు తెచ్చినా ముందు కుర్చీ వేసి కూర్చోబెడతాను. ఆయన ఎలా ఉండేవాడు, ఏది ఉంచాలి, ఏది తీయాలి అని అడుగుతాను. ఎక్కువమంది ఏదీ తీయొద్దంటారు. వంకర పన్ను ఉంచమంటారు. పోయిన కంటిని పోయినట్టే ఉంచమంటారు. మనిషిని గుర్తుపెట్టుకోవడానికి అందమైన చోటు కన్నా దెబ్బ తగిలిన చోటే ఎక్కువ పనికొస్తుందని నాకు అప్పుడు తెలిసింది. “ఫోటో అన్న మస్తు ఓపికతోని అడుగుతడు” అని పేరు కూడా వచ్చింది. పని దిద్దుకున్నాను కానీ నోరు విప్పలేదు. తండా దారిన పోవలసి వస్తే రుద్రూర్ మీదుగా చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

మొన్న ఎండాకాలం మొదట్లో ఒక అమ్మాయి దుకాణానికి వచ్చింది. భుజానికి స్కూలు బ్యాగు. చుట్టిన డ్రాయింగ్ షీటు విప్పి బల్లమీద పరిచింది.

“దీన్ని స్కాన్ చేసి ఫ్రేము కట్టాలె సార్. ఏం దిద్దొద్దు.”

పెన్సిలు బొమ్మ. మంచంమీద కూర్చుని పక్కకు తిరిగి నవ్వుతున్న మనిషి. రెండు గుండీలు లేవు. మచ్చ చెవి కింద నుంచి దిగి, దవడ దగ్గర వెడల్పై, మెడమీద రెండు పాయలైంది. నేను తుడిచేసింది అదే. నాకంటే బాగా ఆ పిల్లకే గుర్తుంది.

“ఎట్ల గుర్తున్నది బిడ్డా?”

“తాత పక్కన పండుకున్నప్పుడు దాన్ని తడుముకుంట నిద్రపోయేదాన్ని. కండ్లకంటె వేళ్లకే ఎక్కువ యాదికుంది.” చేతివేళ్లు చూపించి నవ్వింది. “చానా ఖరాబు చేసిన సార్, ఇదివరకు గీసినవి. ముక్కు కుదిరితె నవ్వు కుదరకపోయేది. కార్డు పాడు చేసింది నేనే గద. ఎప్పటికైనా నేనే తయారు చెయ్యాలె అనుకున్న.”

ఆమె నన్ను ఓదారుస్తున్నట్టే చెప్పింది. అదే భరించలేకపోయాను. షట్టరు సగం దించి, కూర్చోమని, అంతా చెప్పాను. సేవ్, ఫార్మాట్, తడి అన్న మాట. ఏదీ దాచలేదు.

పూజ బొమ్మ అంచులు సరిచేసింది.

“అవ్వ నన్ను కొడ్తుంటె మీరు చూసిన్రు.”

“చూసిన.”

“ఎందుకు చెప్పలే?”

“దుకాణం పేరు పోతదని భయమైంది.”

“నాకూ భయమైంది సార్. ఇప్పటిదాక ఎవ్వలి ఫోను ముట్టాలన్నా చేతులు తుడుచుకుంట.” లేచి నిలబడింది. “నాకు చెప్తె ఏమొస్తది. ఇంటికి ఎవలొచ్చినా అవ్వ ఇప్పటికీ చెప్తది, మా పోరి తడి చేతుల పని అని. ఆమెకు చెప్పుండ్రి. నేను చెప్తె నమ్మది.”

దుకాణం మూసి ఆమెను బండిమీద ఎక్కించుకున్నాను. కమ్లి బాయి వాకిట్లో మక్కలు ఒలుస్తోంది. చూపు తగ్గినట్టుంది, దగ్గరికి వెళ్లేదాకా గుర్తుపట్టలేదు.

“ఫోటో తమ్మీ. నువ్వొచ్చినవంటె ఎవలో సచ్చినట్టే. ఎవలు?”

“ఎవ్వలు సావలే అక్కా.”

“మరింకేంది? కూసో.”

కూర్చోలేదు. కూర్చుంటే ఇంకేదో మాట్లాడి లేచి వచ్చేస్తానని తెలుసు. పూజ గుంజకు ఆనుకుని నిలబడి నావైపే చూస్తోంది.

“అక్కా, ఆనాడు కార్డు తడిసి కరాబు కాలే. మీ ఆయన ఫోటో నేను చెరిపేసిన. అది కప్పిపెట్టుటానికి కార్డంత ఖాళీ చేసి నీకు అబద్ధం చెప్పిన. ఈ పిల్ల చేతుల ఏ తప్పూ లేదు. నువ్వు కొడ్తుంటె నోరు మూసుకొని కూసున్న. తప్పు నాది. నువ్వూ, బిడ్డా, ఇద్దరూ నన్ను మాఫ్ చెయ్యుండ్రి.”