తోటికోడలి లాగిన్

రాజాంలో ఇనుప సామాన్ల కొట్టు మీదున్న ఆ మేడలో పగలు పదకొండు నుంచి పన్నెండున్నర దాకా మిక్సీ వెయ్యకూడదు. కుక్కరు కూతలన్నీ పదకొండు లోపే అయిపోవాలి. వేపుడు పెట్టుకోవచ్చు గానీ మిరపకాయల పోపు మాత్రం వద్దు. ఆ ఘాటుకి చిన్నకోడలు సింధూరికి తుమ్ములొస్తాయి, ఇక్కడ తుమ్మితే హైదరాబాదులో వినపడుతుంది. ఆ గంటన్నరా సింధూరి తన గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఆఫీసువాళ్ళతో మాట్లాడుతుంది. అత్తగారు తాతమ్మ అంతటి మనిషి కూడా కూరగాయలవాడితో సైగలతోనే బేరమాడుతుంది. పెద్దకోడలు కన్యాకుమారి ఈ నిశ్శబ్దాన్నంతా మోస్తూ వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటుంది. ఒక్కో కాయనీ ఎవరి పీకో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది.

దాచడం దేనికి, ఆవిడకు తోటికోడలంటే కడుపుమంట. అందులోనూ చదువుకున్న మనిషి కడుపుమంట, అంత తొందరగా ఆరేది కాదు. కన్యాకుమారిది పాతపట్నం. నాన్నది చిన్న బట్టల కొట్టు. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి ఎంసీఏ చదివి కాలేజీకి రెండో స్థానంలో వచ్చింది. చెన్నైలో ఉద్యోగానికి పిలుపు వచ్చింది. అదే నెలలో రాజాం నుంచి ఉమాశంకర్ సంబంధమూ వచ్చింది. "ఉజ్జోగానికేటి, పెళ్ళయ్యాక సూసుకోవచ్చు" అన్నారు అందరూ. పెళ్ళయి పధ్నాలుగేళ్ళు గడిచాయి, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఆ ఉద్యోగం సంగతి చూసినవాళ్ళు లేరు.

సింధూరిది విజయనగరం. బీటెక్‌లో రెండు పేపర్లు మూడోసారికి గానీ గట్టెక్కలేదు. ఆ మాట పెళ్ళిచూపుల్లో తనే నవ్వుతూ చెప్పేసింది. కరోనా రోజుల్లో ఇంటి నుంచే పనిచెయ్యమంటూ కంపెనీలు మనుషుల్ని తీసుకుంటుంటే ఆ గుంపులో తనూ దూరింది. ఈ ఇంటి చిన్నకొడుకు కళ్యాణ్‌ని చేసుకుని రాజాం వస్తే ఉద్యోగం కూడా పెట్టెతో పాటు వెంట వచ్చింది. ర్యాంకు తెచ్చుకున్న మనిషి పప్పు ఎసట్లో పోస్తోంది, తప్పిన మనిషి జీతం తెచ్చుకుంటోంది. కన్యాకుమారి దృష్టిలో ఇది పైవాడు పేపర్లు సరిగ్గా దిద్దకపోవడం వల్ల వచ్చిన చిక్కు.

కింద కొట్టులో ఐటీ గురించి ప్రతివాడూ తీర్పు చెప్పేవాడే. మేకులు కొనడానికి వచ్చిన తాపీమేస్త్రీ గంగులు "ఏఐ వచ్చీసినాది బాబూ, ఇంక సాఫ్ట్‌వేరోళ్ళందరూ నా దగ్గర సిమెంటు కలపాల" అనేవాడు. తలుపు గొళ్ళేలు బేరం చేస్తున్న పెద్దాయన "ఇంట్లో కూసుంటే జీతమేటి, నానూ కూసుంటన్నాను, నాకెవుడిస్తన్నాడు?" అని అడిగేవాడు. ఉమాశంకర్‌కి చట్టాల మీద గురి లేదు. "మన ఫోన్‌ నెంబరు ఊరందరి దగ్గరా ఉన్నాది. ఇప్పుడు గుట్టు కాయడానికి కొత్త సట్టమట. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు ఉన్నాది" అనేవాడు. మెట్ల మీద నిలబడి ఇవన్నీ వింటుంటే కన్యాకుమారికి ప్రాణం లేచొచ్చేది. ఆ ఏఐ ఏదో బేగి వచ్చి ఆ గదిలో దూరితే బాగుండునని ఎదురుచూసింది. అది మాత్రం మేడ ఎక్కలేదు.

అసూయ మనిషిని కాల్చేస్తుందంటారు. ఈవిడని కూర్చోబెట్టి చదివించింది కూడా. సింధూరి మాటల్లో చెవిన పడ్డ కొత్త కొత్త పేర్లన్నీ పచారీ చీటీల వెనక రాసుకుని, పిల్లలు బడికి పోయాక ఫోన్లో వీడియోలు పెట్టుకుని ఏడాదిపాటు నేర్చుకుంది. దానికొచ్చింది నాకు రాదా అన్న పంతమే ఆవిడకు గురువు.

ఆ ఇంట్లో వంట వంతుల మీద నడుస్తుంది. పొద్దుటిది పెద్దకోడలిది, రాత్రిది చిన్నకోడలిది. ఒకరికి వీలు కాకపోతే రెండోవాళ్ళు ఆ పూట చేసిపెట్టి, తరవాత తమ పూట వాళ్ళకు ఒప్పజెబుతారు. తాతమ్మ కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఉన్న పద్ధతే అది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం కన్యాకుమారి మజ్జిగ గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి సింధూరి బల్ల మీద తల వాల్చి ఏడుస్తోంది. ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది, రెండు రోజులుగా దొరకడం లేదు. సాయంత్రానికి పంపకపోతే పరువు పోతుంది. కన్యాకుమారి నిలబడే తెర వంక చూసింది.

"ఆ వరసలో ఆకరిదాన్ని ఒగ్గీసి లెక్కెడతన్నావే. అందికే ఒకటి తక్కువొస్తన్నాది."

సింధూరి దిద్దింది. ప్రోగ్రాం నడిచింది. ఆ పిల్ల లేచి ఒక్క ఉదుటున వాటేసుకుంటే మజ్జిగ ఇద్దరి మీదా ఒలికింది. "అక్కా, నీ కాడ ఇంత ఇద్దె ఉన్నాదా! ఇంక నుంచి పొద్దుటొంట కూడా నాను సేసీస్తాను, మద్దేనం రెండు గంటలు దీన్ని నువ్వు సూడు. వంతు మార్సీసుకుందాం."

విషయం తాతమ్మ దాకా వెళ్ళింది. "ఇంట్లో పని ఇంట్లోదే కదా, ఎవులు సేస్తే ఏటి?" అని ఆవిడ ఖాయం చేసేసింది. కొట్టుగది తాళంచెవి లాగే సింధూరి లాగినూ ఇంటి సొత్తు అనుకున్నారు. పాస్‌వర్డు క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసి ఉండేది. ఈ యంత్రాన్ని నేను తప్ప మరొకరు ముట్టరని సింధూరి ఏటేటా కంపెనీ కాగితం మీద టిక్కు పెడుతూనే ఉంది. చదివి పెట్టిందా అంటే, అలాంటివి చదివి టిక్కు పెట్టేవాళ్ళు లోకంలో ఎందరు?

ఆ కంపెనీ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఒక ఆసుపత్రిలో గొడవ పుట్టింది. పరీక్షల ఫలితాలు ఫోన్లకు పంపుతుంటే ఒకరివి ఒకరికి చేరుతున్నాయి. ఒకమ్మాయి ఇంకా మొగుడికైనా చెప్పని కడుపు సంగతి మామగారు తన సుగరు రిపోర్టు అనుకుని చదువుకున్నాడు. ఒకరి ఆరోగ్యం గుట్టు ఇంకొకరికి చెబితే చట్టం ఊరుకోదని ఆసుపత్రివాళ్ళు హడలిపోయి కంపెనీ మీద పడ్డారు. ఆ పని సింధూరి జట్టుకి వచ్చింది, అంటే మధ్యాహ్నం పూట కన్యాకుమారి చేతికి వచ్చింది. చూడగానే ఆవిడకు నవ్వొచ్చింది. ప్రోగ్రాం రాసినవాళ్ళు ఒక ఫోన్ నెంబరుకు ఒక మనిషే ఉంటాడనుకున్నారు. ఐదుగురు మనుషులు ఒకే నెంబరు ఇచ్చే ఇల్లు వాళ్ళు చూడలేదు. పుట్టిన తేదీతో మనుషుల్ని విడదీద్దామని జట్టులో ఎవరో అన్నారు. కన్యాకుమారి అలాగే రాసి, ఇంకొక వరస కలిపింది: తేదీ జనవరి ఒకటి అయితే నమ్మకు, తండ్రి పేరో భర్త పేరో కూడా అడుగు. గొడవ ఆగిపోయింది.

కంపెనీ సింధూరికి ఆ నెల బహుమతి ఇచ్చింది. ఆమె ఫొటో, కింద పొగడ్త, అన్నీ ఫోన్లో వచ్చాయి. కళ్యాణ్ కిలో కాజాలు తెచ్చాడు. గంగులుకి కూడా ఒకటి చేతిలో పెట్టి ఉమాశంకర్ "మా మరదలు" అంటూ మీసం దువ్వాడు. కట్టుకున్న భార్య ఆ పని చేసిందన్న సంగతి ఆయనకు తెలియకా కాదు. ఇంట్లోదే కదా, ఎవులు సేస్తే ఏటి! సింధూరి మాత్రం అక్కకి పట్టుచీర కొనిపెట్టింది. ఆవిడ మడత విప్పకుండా బీరువాలో పడేసింది. ఆ ఫొటో కింద ఉండవలసింది తన పేరు. చీర ఇచ్చి చేతులు దులుపుకుంటుందా ఇది అని మూడు రోజులు అన్నం సయించలేదు. చేసిన పనికి ఒక్కసారి, ఒక్కరి నోట తన పేరు వినాలి. ఆవిడకు కావలసింది అదొక్కటే.

పదిరోజుల తరవాత సింధూరి ఏడుస్తూ వంటింట్లోకి వచ్చింది. హైదరాబాదులో ఉండే ఆమె జట్టు లీడు అరుణశ్రీ ఫోన్ చేసింది. గురువారం ఆసుపత్రివాళ్ళూ, కంపెనీ లాయరూ కూర్చుంటారు, ఆ ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో వరస వరసా సింధూరే వివరించాలి.

"నానేటి సెప్పాల అక్కా? నాకు తెల్దని సెప్పీమంటావా?"

"ఏడవకు. నాను నేర్పుతాను కదా."

నేర్పింది. మూడు మధ్యాహ్నాలు పిండి కలుపుతూ, బట్టలు మడతపెడుతూ ప్రతి ముక్కా విప్పి చెప్పింది. ఆ పిల్ల బుద్ధిగా నోటుపుస్తకంలో రాసుకుంది. జనవరి ఒకటి దగ్గరకు వచ్చేసరికి కన్యాకుమారి నాలుక ఆగింది. "అది అలాగే ఉండాల" అని చెప్పి తరవాతి వరసకు వెళ్ళిపోయింది. వంట బాగా చేసేవాళ్ళు ఎవరికైనా వండడం నేర్పేటప్పుడు ఒక దినుసు మింగేస్తారు చూడండి, అదే పని. ఎవరూ అడగరులే అనుకుంది. అడిగితే బాగుండుననీ అనుకుంది. రెండూ నిజమే.

గురువారం పదకొండింటికి సింధూరి తెర ముందు కూర్చుంది. కన్యాకుమారి ఆమె వెనక గుమ్మంలో, తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. పిల్ల బాగానే చెబుతోంది. ఒక నెంబరుకు ఐదుగురుండే ఇళ్ళ గురించి చెప్పినప్పుడు లాయరు మెచ్చుకున్నాడు. తన మాటలు ఇంకొకరి నోట అంత చక్కగా వస్తుంటే కన్యాకుమారికి అరికాళ్ళ నుంచి మండింది.

"బాగుంది సింధూరీ. ఒక్క డౌటు. జనవరి ఒకటిని ఎందుకు పక్కన పెట్టారు?" అంది అరుణశ్రీ.

సింధూరి నోటుపుస్తకం తిరగేసింది. "అంటే... ఆ రోజు కొత్త సంవత్సరం కదండీ. సెలవు."

అవతల ఎవరో నవ్వారు. లాయరు నవ్వలేదు. "అమ్మా, ఇది రాసింది మీరేనా? మీ లాగిన్ ఇంకెవరైనా వాడారా? ఇందులో రోగుల వివరాలున్నాయి, ఆలోచించుకుని చెప్పండి."

ఇప్పుడైనా గుమ్మంలోంచి నోరు విప్పి, అది ముసలివాళ్ళ కోసం రాసిందని ఒక్క మాట అందిస్తే పని జరిగిపోయేదేమో. కన్యాకుమారి తలుపు రెక్క వదల్లేదు. సింధూరి తెర వంక చూసింది. తరవాత నోటుపుస్తకం మూసేసింది.

"నేను రాయలేదండి. మా అక్క రాసింది. మా తోటికోడలు. ఆవిడ పేరు కన్యాకుమారి, ఎంసీఏ చదువుకుంది. మొత్తం ఆవిడే రాసింది."

ఉన్నదున్నట్టు చెప్పాలి కదా. కన్యాకుమారికి ముందు కలిగింది సంతోషమే. పధ్నాలుగేళ్ళ దాహం ఒక్క గుక్కలో తీరినట్టయింది. ఆ పిల్లకి ఏం జరగబోతోందో ఆ తరవాత గానీ తట్టలేదు.

జరగవలసిందంతా జరిగింది. మధ్యాహ్నానికల్లా లాగిన్ ఆగిపోయింది. రెండో రోజు కొరియరువాడు వచ్చి లాప్‌టాప్ పట్టుకుపోయాడు. వారం తిరగకుండా ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరం వచ్చింది. రోగుల వివరాలేవీ దగ్గర పెట్టుకోలేదని ఇద్దరూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టి పంపాలి, లేకపోతే కోర్టుకు వెళ్తామన్నారు. అందులో కన్యాకుమారి పేరు పెద్ద అక్షరాలతో, అనుమతి లేని వ్యక్తి అన్న మాట పక్కన ఉంది. ఆవిడ రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టి, దాని కింద ఎంసీఏ అని కూడా రాసింది. కళ్యాణ్ వదినతో మాట్లాడడం మానేశాడు. కింద గంగులు మాత్రం "నాను ముందే సెప్పినాను, ఏఐ తినీసినాది" అని అందరికీ చెప్పుకున్నాడు.

ఇప్పుడు వంతులు లేవు, రెండు పూటలా ఇద్దరూ వంటింట్లోనే. ఒకరోజు కత్తిపీట ముందు కూర్చుని ములక్కాడలు కోస్తూ సింధూరి అడిగింది. "అక్కా, ఆ జనవరి ఒకటి సంగతేటి? ఇప్పుడైనా సెప్పు."

"మనత్త ఎప్పుడు పుట్టినాదో ఆవిడికే తెల్దు. ఆధారు కార్డులో జనవరి ఒకటని రాసీసినారు. ఊళ్ళో సగం మంది ముసిలోళ్ళకి అదే తేదీ. ఒకే ఇంట్లో మొగుడికీ పెళ్ళానికీ కూడా అదే ఉంటాది."

"ఇంతేనా?" అంది సింధూరి. రెండు ములక్కాడలు కోసింది. "మరి నాకు సెప్పడం మర్సిపోనావా?"

అవునంటే ఆ పిల్ల నమ్మేసేది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"మర్సిపోలేదే" అంది కన్యాకుమారి.

సింధూరి తలెత్తలేదు. "ఉజ్జోగం పోయినందుకు నానేటీ ఏడవలేదక్కా. ఆ రోజు నీ పేరు సెప్పినప్పుడు తెర మీద నా ఎనకాల నువ్వు కనబడ్డావు. నవ్వుతన్నావు."

కన్యాకుమారి గరిటె పట్టుకుని పొయ్యి ముందే ఉంది. చారు పొంగి పొయ్యి మీద పడుతుంటే సింధూరే లేచి వచ్చి గ్యాస్ కట్టేసింది.