ఏ మొగలి ఎవరిది

మా మేనత్త పోయిందని మంగళవారం పొద్దున్న ఫోన్ వచ్చింది. అరసవల్లిలో బయలుదేరి, బస్సు పట్టుకుని, సముద్రపు ఒడ్డున ఉన్న మా ఊరు చేరేసరికి పదకొండయింది. వాకిట్లో ఏడుస్తున్నవాళ్ల కన్నా ఇసుక దిబ్బ వైపు చూస్తున్నవాళ్లే ఎక్కువ.

ఆ దిబ్బ ఊరికీ సముద్రానికీ మధ్య ఉంది. దాని వెనకున్న నుయ్యి ఒక్కటే మాకు తాగునీరు. పక్క ఊళ్లలో దిబ్బలు ట్రాక్టర్లకెక్కి పోయాక నూతులు ఉప్పుతిరిగాయి. మా దిబ్బను నిలిపింది దాని మీది మొగలి డొంక. డొంకను నిలిపింది మా అత్త. నేను తాగి పెరిగిన నీళ్లు ఆమె కాపాడినవే.

సముద్రం మీద చేపల వేటకెళ్లిన మనిషి తిరిగి రాకపోతే, పదకొండో రోజున ఆమె ఒక మొగలి పిలక తెచ్చి దిబ్బ మీద నాటేది. మొదటిది మా మావయ్యది. పేరుపెట్టి పిలిచి, "ఇక్కడ కూకో. ఊరిని సూసుకో" అనేది. అంతే, పూజ లేదు, బొట్టు లేదు. రోజూ పొద్దున్నే వెళ్లి, ముళ్ల ఆకుల్లో చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు, తెగిన వల ముక్కలు ఏరుకొచ్చేది. ఎవరైనా నవ్వితే, "ఆల్లకి ఊపిరాడొద్దేటి?" అనేది.

పర్యావరణం అనే మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు.

ఒకసారి నేను పనిచేసే పత్రికకు రాద్దామని, సముద్రంలో పోయినవాళ్ల పేర్లు ఊళ్లో అడిగి రాసుకున్నాను. డొంకలో మొక్కలు లెక్కపెట్టాను. పేర్ల కంటే మొక్కలు చాలా ఎక్కువ.

"అత్తా, మిగతావి ఎవరివి?"

ఆమె చేపలకు ఉప్పు పట్టిస్తోంది. తల ఎత్తలేదు.

"ఇంకా పోనోల్లవి."

"అంటే?"

"బతికున్నోల్లవి. ఊల్లో ఒకొక్కలికీ ఒకటి."

"ఏది ఎవరిది?"

"నాకు తెల్సు. పేపరోడివి, నీకెందుకు సెప్తాను? ఊరంతా పంచీగలవు."

"నిజమేనా? కథ అల్లుతున్నావా?"

"ఒరే అల్లుడా, నీదేదో సూపిత్తాను. నరికేసి వస్తావేటి?"

నేను ఆ వార్త రాయలేదు. నిర్ధారణ కానిది రాయకూడదు కదా అని సర్దిచెప్పుకున్నాను. నాదేదో చూపించమని మాత్రం అడగలేదు. ఊళ్లో ఒక్కొక్కరికీ ఒక మొగలి ఉందన్న మాట ఆమె రేవులో అందరితోనూ అన్నదని తరవాత తెలిసింది. డొంక మీద మళ్లీ కత్తి పడలేదు.

ఆమెను మట్టి చేసి వచ్చాక, ట్రాక్టరున్న వరస బావ నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, ఇసక బేరం కుదిరిపోనాది. రేపు డొంక తీసేత్తాం. నాదేదో సెప్పు."

"నాకు తెలీదు."

"నీకు సెప్పే ఉంతాది. నాదొక్కటీ ఒగ్గేసి మిగతావి తీసేత్తాను."

"మిగతావి ఎవరివి, బావా?"

అతను గోడ వైపు తిరిగాడు. గోడ అవతల అతని పిల్లలు ఆడుకుంటున్నారు.

"ఒట్టు. నాకు తెలీదు" అన్నాను. నిజమే. ఎవరికీ చెప్పకుండానే ఆమె పోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం దిబ్బ దగ్గరికి వెళ్లాను. ట్రాక్టరు కింద ఆగి ఉంది. ఇంజను చప్పుడు లేదు. గాలి అసలే లేదు. డొంకలో ఒకచోట మాత్రం ఆకులు కదులుతున్నాయి. బావ బిందెతో ఒక మొగలి మొదట్లో నీళ్లు పోస్తున్నాడు. తరవాత పక్కదానికి. ఆ తరవాత దాని పక్కదానికి. పోసిన ప్రతిచోటా వంగి, ఊపిరి వినపడుతుందేమోనన్నట్టు చెవి ఆకులకు దగ్గరగా పెట్టి, కాసేపు ఆగి, అప్పుడు లేస్తున్నాడు.