రేంజ్ రోడ్డులో మిగిలినవాళ్ళం

కెనడాలో కాల్గరీ నుంచి తూర్పుకి మూడు గంటలు కారు నడిపితే మా కౌంటీ వస్తుంది. వచ్చినట్టు ఎవరికీ తెలియదు. కొండ లేదు, నది లేదు. ఒక పచ్చ బోర్డు వెనక్కి పోతుంది, అంతే. ఆ తర్వాత నేలంతా గళ్ళ కాగితం. ఉత్తర దక్షిణాలుగా పోయేవి రేంజ్ రోడ్లు, తూర్పు పడమరలుగా పోయేవి టౌన్‌షిప్ రోడ్లు. వేటికీ పేర్లుండవు, నంబర్లే. తిన్నగా పోతున్న రోడ్డు ఒక్కోచోట ఏ అడ్డమూ లేకుండా చటుక్కున పక్కకి జరిగి, మళ్ళీ తిన్నగా పోతుంది. భూమి గుండ్రం కాబట్టి సర్వేవాళ్ళు గీసిన చదరాలు ఉత్తరానికి పోయేకొద్దీ ఇరుకవుతాయట. ఆ తేడాని అక్కడ సర్దారు. తెలియనివాళ్ళు ఆ మలుపు దగ్గర నేరుగా పొలంలోకి పోతారు.

మా కౌంటీలో మనుషుల కంటే రోడ్లు ఎక్కువ. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఇక్కడి రాజకీయమంతా తెలిసినట్టే. మా డివిజన్ కౌన్సిలర్ ఏనాడూ ఓట్లు అడగలేదు. ఆయన మీద నిలబడడానికి రెండో మనిషి లేడు.

ఇక్కడ నూట అరవై ఎకరాలు కొన్నాను. నా భార్య పోయాక, ఆయిల్ కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం మానేశాక కొన్నాను. సిటీలో కాండో ఫ్లాటు కొనుక్కోవలసిన వయసులో పొలమేమిటని కాల్గరీలో మనవాళ్ళు నవ్వారు. వాళ్ళకి జవాబు చెప్పలేదు. మా తాతగారి హయాంలో మాకు ఎన్ని ఊళ్ళుండేవో ఇక్కడ కూడా చెప్పను. చెప్పుకుంటే అది ఒక రకం యాచన. నేను పుట్టేసరికి మిగిలినవి కోర్టు వ్యాజ్యాలే. కోర్టు అమీనా వచ్చి సామాను జప్తు చేస్తుంటే నాన్నగారు వరండాలో కుర్చీకి వీపు ఆనించకుండా కూర్చున్నారు. చివరికి ఆ కుర్చీ కూడా జప్తు పట్టీలో ఉందన్నాడు అమీనా. నాన్నగారు లేచి నిలబడ్డారు. ఇంకొంచెం గడువివ్వండి అనే మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు. మా ఇంటి ఆస్తిలో నా వాటాకి వచ్చింది ఆయన వెన్నెముక ఒక్కటే.

భూమి రిజిస్టరైన రోజు మట్టి చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాను. సంతోషం రాలేదు. ఎందుకో తెలియడానికి ఒక చలికాలం పట్టింది. మావాళ్ళకి భూమి అంటే మనుషులు. పొద్దున్నే అరుగు మీదకి వచ్చే ఫిర్యాదులు, తగువులు, దండాలు, వెనక తిట్టుకోవడాలు. ఇక్కడ భూమి ఉంది, మనుషులు లేరు.

అలాగని బీడు కాదు. ఎండాకాలం వస్తే కనుచూపు మేరా పసుపుపచ్చని కనోలా పూత, మన ఆవచేలలాగా. విత్తనం వేసే యంత్రం ఇల్లంత ఉంటుంది, స్టీరింగు ముట్టుకోకుండానే తిన్నగా పోతుంది. దాని యజమాని వేరే కౌంటీలో ఉంటాడు. ఒక పొలం ఇంకో పొలాన్ని మింగినప్పుడల్లా ఒక ఇల్లు ఖాళీ అవుతూ వచ్చింది. గాలికి అడ్డంగా నాటిన కరగానా పొదలు చదరంగా పెరిగి కనిపిస్తే, మధ్యలో ఒకప్పుడు ఇల్లుండేదని అర్థం. ఇల్లు పోయింది, పొదలు పోలేదు. కొన్నిచోట్ల ఇప్పుడు లేని గుమ్మం ముందు లైలాక్ చెట్టు పూస్తుంది. కారు అద్దం దించితే వాసన లోపలికి వస్తుంది. ఎవరో ఇప్పుడే తలకి నూనె రాసుకుని పక్కనుంచి వెళ్ళినట్టుంటుంది.

మా రోడ్డులో రెండే ఇళ్ళు. ఒకటి నాది, రెండోది ఎనభై దాటిన ఒక పెద్దావిడది. ఈ నేల మీదే పుట్టింది, ఇక్కడే భర్తని పోగొట్టుకుంది. నా పేరు పలకడానికి ఆవిడ నోరు తిరగదు. "ఇంజనీర్" అనేది. నేను "మేడమ్" అంటే మొదట్లో పగలబడి నవ్వింది. "ఆవులు పితికినదాన్ని, నన్నెవరూ మేడమ్ అనలేదయ్యా!" అంది. నేను మానలేదు. రెండు వారాలకోసారి ఆవిడని టౌనుకి తీసుకెళ్ళేవాణ్ణి. దారిలో ఖాళీ పొదల్ని చూపించి ఊళ్ళోవాళ్ళ కబుర్లు చెప్పేది.

"ఆ ఇంటివాళ్ళకి పియానో ఉంది. కానీ ఎవరికీ వాయించడం రాదు. గొప్పకి కొన్నారు."

"ఏ ఇల్లు, మేడమ్?"

"కళ్ళద్దాలు మార్చుకో, ఇంజనీర్."

అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. కొన్నాళ్ళకి నేనూ అటు చూసినప్పుడు పియానో గుర్తుకు రావడం మొదలైంది.

పోయిన ఏడాది వేసవిలో కౌంటీ నుంచి కబురొచ్చింది. గ్యాస్ బావులు ఒక్కొక్కటే మూతపడి పన్నులు రావడం లేదు. మనుషులు తక్కువున్న రోడ్లలో ఇకమీదట మంచు తీయరు. ఏయే రోడ్లు వదిలేయాలో నిర్ణయించే ముందు ప్రజల మాట వింటారు, మా రోడ్డు మీద ఒకప్పుడు ఊరివాళ్ళు కట్టుకున్న హాల్లోనే శనివారం మధ్యాహ్నం మీటింగు.

ఇది ఆవిడకి ప్రాణం మీదకి వచ్చే విషయం. మంచు తీసే గ్రేడర్ రాకపోతే ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ట్రక్కు రాదు, అంబులెన్సూ రాదు. చలికాలం మొదట్నుంచీ చివరిదాకా ఆవిడ ఆ ఇంట్లో ఉండడం కుదరదు. టౌన్‌లో ముసలివాళ్ళ లాడ్జిలో గది తీసుకోవలసిందే.

"అక్కడ కిటికీలోంచి పార్కింగ్ లాట్ కనిపిస్తుంది. నేను ఇక్కడే పోతాను," అంది.

కౌన్సిలర్‌కి ఫోన్ చేసి బతిమాలుకోవడం నావల్ల కాదు. ఆ మాట ఒకసారి నా భార్య తమ్ముడితో అన్నాను. అతను కాల్గరీలో ఐటీ ఉద్యోగం చేస్తాడు, మనవాళ్ళ సంఘాల్లో ఎప్పుడూ ఏదో ఒక పదవిలో ఉంటాడు.

"బతిమాలడం ఎందుకు బావగారూ? జనాన్ని చూపించాలి. మీటింగ్ రోజు హాలు నింపేస్తా. జనం కనబడితే ఏ లీడరైనా దారికొస్తాడు. ఇది కెనడా అయితే మాత్రం?"

"జనం ఎక్కణ్ణుంచి వస్తారు?"

"వీకెండ్ కదా! ట్రిప్ అని పోస్ట్ పెడతా. లంచ్ మీది, జనం నాది."

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. కలెక్టరు వస్తున్నాడంటే తాతగారు దారికి రెండు పక్కలా మనుషుల్ని నిలబెట్టేవారని విన్నాను. అది అడగడం కాదు, ఉన్నామని చూపించడం. సరే అన్నాను. అయిదారు అల్యూమినియం ట్రేల నిండా పులిహోర కలిపించాను.

శనివారం కార్ల వరస వచ్చింది. ఆ మట్టిరోడ్డు మీద అంత దుమ్ము నేనెప్పుడూ చూడలేదు. గ్రాండ్‌గా ఉండాలని బావమరిది చెప్పినట్టున్నాడు, ఆడవాళ్ళు పట్టుచీరల్లో దిగారు. ఒక పన్నెండేళ్ళ పిల్ల కారు దిగి నాలుగు దిక్కులా చూసి నా దగ్గరికొచ్చింది.

"అంకుల్, వేర్ ఈజ్ ఎవ్రీబడీ?"

"లోపలికి పదమ్మా," అన్నాను.

పెద్దావిడ కర్ర ఊతంతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ప్రతి కుర్చీలో మనిషి. పిల్లలు బల్లల కింద దూరి ఆడుతున్నారు. మూల కెటిల్ దగ్గర ఎవరో నవ్వుతున్నారు. వీళ్ళెవరని ఆవిడ నన్ను అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నా పక్కన కూర్చుని, చాలాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ కిటికీ పక్కన ఎర్రబట్టల్లో కూర్చున్న అమ్మాయి ఉందే, అది మా అత్తగారి చోటు. ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు."

"లేపమంటారా?"

"వద్దు వద్దు. ఆవిడే కూర్చుంది." తర్వాత గోడ వారగా నిలబడ్డ మగవాళ్ళ వైపు గడ్డం చూపింది. "మావాళ్ళూ అంతే. కుర్చీలున్నా కూర్చోరు. చూడు, ఇంజనీర్, అందరూ వచ్చేశారు."

నేను తల తిప్పి చూశాను. బావమరిది స్నేహితులే, నాకు తెలిసినవాళ్ళే. కానీ ఒక్క క్షణం ఏ మొహమూ పోల్చుకోలేకపోయాను. ఆ హాలు వాళ్ళని తీసుకుని ఇంకెవరినో కూర్చోబెట్టినట్టు అనిపించింది. ఒంట్లో చలి పుట్టింది. బయట మండే ఎండ.

కౌన్సిల్‌కి పెద్దని ఇక్కడ రీవ్ అంటారు. ఆయన మర్యాదస్తుడు. లేచి, ఇంతమందిని ఈ హాల్లో చూసి చాలా కాలమైందని, చాలా సంతోషమని అన్నాడు. బావమరిది నా వైపు చూసి కన్నుగీటాడు. రీవ్ ఇంకో మాట అన్నాడు.

"ఈ రోడ్డులో కాపురముండేవాళ్ళు చేతులెత్తండి."

నేను ఎత్తాను. పెద్దావిడ రెండు చేతులూ ఎత్తింది.

"ఒకటి చాలండి," అన్నాడాయన నెమ్మదిగా.

"ఒకటి నాది. రెండోది మా ఆయనది. నువ్వు నిలబడ్డ చెక్కలు పరిచింది ఆయనే."

ఎవరూ నవ్వలేదు. బావమరిది సగం లేపిన చెయ్యి జుట్టు సర్దుకుంటున్నట్టు దించేశాడు. పక్క రోడ్లలో వాళ్ళెవరైనా మాట్లాడతారా అని రీవ్ అడిగాడు. ఆ రోడ్లలో నాలుగు కుటుంబాలున్నాయి. మా రోడ్డు మూస్తే రేపు వాళ్ళ వంతు. తప్పకుండా వస్తామన్నవాళ్ళే. ఒక్కరూ లేరు. నేను నిలబడి చెప్పవలసింది చెప్పాను, బతిమాలకుండానే చెప్పాను. విన్నారు. పులిహోర తిన్నారు. రీవ్ రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

మరుసటి వారం పెట్రోల్ బంకులో పక్క రోడ్డు పశువుల రైతు ఎదురై నా భుజం తట్టాడు.

"కంగ్రాచ్యులేషన్స్, ఇంజనీర్! పెళ్ళి ఎవరిది? మీ అమ్మాయిదా?"

"ఏ పెళ్ళి?"

"దాస్తావెందుకు? మేమంతా మీటింగుకని వచ్చాం. హాలు ముందు కార్లే కార్లు. ఆడవాళ్ళు బంగారు బట్టల్లో, పిల్లలు, వంటల వాసన. హాలు పెళ్ళికిచ్చేశారు, మీటింగ్ వాయిదా వేసుంటారనుకుని ట్రక్కులు తిప్పుకుని వెళ్ళిపోయాం."

"లోపలికొచ్చి అడగాల్సింది."

"పిలవని పెళ్ళిలోకి దూరి అడుగుతామా?" అన్నాడు. నిజంగానే కాస్త నొచ్చుకున్నాడు.

వీళ్ళూ మా ఇంటివాళ్ళలాగే, చచ్చినా అడగరు. మీటింగ్ ఆ రోజే జరిగిపోయిందని చెప్పాను. అతను టోపీ తీసి, కాసేపు దాని లోపలికి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఈ మాట పెద్దావిడకి ఇప్పటికీ చెప్పలేదు, చెప్పను.

నిర్ణయం ఆకులు రాలేవేళకి వచ్చింది. మా రోడ్డు ఉంటుంది, బోర్డు ఉంటుంది, చలికాలం గ్రేడర్ మాత్రం రాదు. ఆవిడ ఏడవలేదు. లాడ్జికి తీసుకెళ్ళిన రోజు దారిలో ఏ ఇంటినీ చూపించలేదు. టౌన్ దగ్గర పడ్డాక ఒక్కటే అంది. "వెళ్ళేముందు అందర్నీ ఒకసారి చూశాను. అది ఎంతమందికి దొరుకుతుంది?"

నన్ను కూడా వచ్చెయ్యమని బావమరిది ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "పట్టుదలకి పోకండి బావగారూ, బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది," అంటాడు. వద్దన్నాను. కావలసినంత సరుకు తెచ్చి పెట్టుకున్నాను, కట్టెలు పేర్పించాను. ఈ రోడ్డులో మనిషి లేడని కౌంటీవాళ్ళు రాసుకోవాలంటే నేను కదలాలి. కదలను. ఆవిడ లాడ్జికి వెళ్ళాక సాయంత్రాలు ఆ ఇంటివైపు చూడకుండా ఉండడం నేర్చుకుంటున్నాను. ఇంకా పూర్తిగా రాలేదు.

మొదటి పెద్ద మంచు రెండు రోజులు ఆగకుండా పడింది. మూడో రోజు పొద్దున ఫోన్ మోగింది. లాడ్జి నుంచి ఆవిడే.

"గ్రేడర్ వచ్చిందా, ఇంజనీర్?"

గ్రేడర్ రాదని ఆవిడకి తెలియక కాదు. నేనేమంటానా అని గొంతు ఎదురుచూస్తోంది.

"వచ్చింది, మేడమ్."

"నా గేటు ముందు మంచు గుట్ట వదిలేసి పోయాడా?"

"లేదు. శుభ్రంగా తీశాడు."

"మంచి పిల్లాడు," అంది. "అయితే ఇవాళ ఎవరైనా రావాలంటే రావచ్చు."

"రావచ్చు," అన్నాను.

కిటికీ అవతల అంతా ఒకటే తెలుపు. కంచె గుంజల కొనలు రెండు వరసలుగా కనిపిస్తున్నాయి. వాటి మధ్య ఉన్నది రోడ్డు అనుకోవాలి.